గూడు జారిన పిట్టపిల్ల: వదిలేద్దామా, గూటికి చేరుద్దామా, మనమే మేపుదామా?

గాలివాన వెలిసిన పొద్దున చెట్టు కింద బొటనవేలంత పిట్టపిల్ల కనిపిస్తే దాటుకుని వెళ్లిపోవడం ఎవరికీ చేతకాదు. వంగి చేతిలోకి తీసుకుంటాం. ఆ చిన్ని ఒంట్లో గుండె కొట్టుకోవడం అరచేతికి తెలుస్తుంది. వెంటనే తోచే పని ఇంటికి తీసుకెళ్లి నోట్లో ఏదో ఒకటి పెట్టడం. నేనూ మొదటిసారి అదే చేశాను. అదొక పావురం పిల్ల. దాహంగా ఉందేమోనని ముక్కు విప్పి, తడిపిన దూదితో చుక్క చుక్క నీళ్లు పిండాను. మూడో చుక్కకే ముక్కు రంధ్రంలోంచి చిన్న బుడగ వచ్చింది. ఆ తర్వాత ఊపిరి తీసినప్పుడల్లా గురగుర చప్పుడు. తెల్లారేసరికి చచ్చిపోయింది. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయాయని తర్వాత ఒక పశువైద్యుడు చెబితే తెలిసింది.

ఆ తర్వాత చాలా పిల్లలు నా చేతికొచ్చాయి. కొన్ని ఎగిరిపోయాయి, కొన్ని దక్కలేదు. వాటివల్ల నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: చేతితో మేపడం చివరి దారి. అంతకంటే మంచి దారులు మూడున్నాయి, వాటిని వరసగా చూసుకున్నాకే దీనికి రావాలి. తీరా ఈ దారే పట్టాల్సి వస్తే, ఏం పెట్టాలో దేంతో పెట్టాలో తేల్చడానికి మన వంటింటి వైపు కాకుండా దాని నోటి వైపు చూడాలి.

ముందు వయసు తేల్చుకోండి

గుడ్డులోంచి వచ్చి రెండు మూడు రోజులైన పిల్లకు ఒంటి మీద ఈక ఉండదు, మహా ఉంటే అక్కడక్కడ నూగు. కళ్లు మూతబడి ఉంటాయి. పొట్ట చర్మం ఎంత పలచనంటే లోపలి పేగులు కూడా కనిపిస్తాయి. ఇంకొన్ని రోజులు గడిస్తే కళ్లు తెరుచుకుంటాయి, రెక్కల వెంట బూడిద రంగు గొట్టాల్లా ఈకల మొలకలు లేస్తాయి. దూరం నుంచి చూస్తే ముళ్లపంది పిల్లలా ఉంటుంది. ఈ రెండు వయసుల పిల్లలూ గూట్లోనే ఉండాలి. కింద కనిపించాయంటే పడిపోయాయనే అర్థం.

మూడో వయసు దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. ఒళ్లంతా ఈకలుంటాయి, తోక మాత్రం పొట్టిగా ఉంటుంది. ముక్కు మూలల్లో పసుపు అంచు ఇంకా పోలేదు. గెంతుతుంది, రెక్కలు కొడుతుంది, ఎగరడం మాత్రం రాదు. ఇది పడిపోయిన పిల్ల కాదు, తానే గూడు వదిలిన పిల్ల. పిచ్చుక పిల్లలు రెండు వారాలకే ఇలా బయటికొస్తాయి. గుడ్లగూబ పిల్లలైతే ఎగరడం రాకముందే గూడు వదిలి కొమ్మల మీద తిరుగుతాయి, జారిపడితే గోళ్లతో మళ్లీ మానెక్కుతాయి. నేల మీద, పొదల్లో గడిపే ఆ కొద్దిరోజులూ వాటికి బడి లాంటివి. ఏది తినాలో, దేన్ని చూసి దాక్కోవాలో అప్పుడే నేర్చుకుంటాయి. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉండి మేత తెచ్చిపెడుతుంటాయి.

అనుమానంగా ఉంటే పిల్లను వేలి మీద కూర్చోబెట్టి చూడండి. వేలిని గట్టిగా పట్టుకుని నిలబడితే గూడు వదిలే వయసొచ్చిందన్నమాట. కాళ్లు ముడుచుకుని వాలిపోతే ఇంకా రాలేదు.

నాలుగు దారులు, నా వరస

మొదటిది ఉన్నచోటే వదిలేయడం. ఈకలు నిండి గెంతే పిల్లకు దీన్ని మించిన సాయం లేదు. పిల్లి, కుక్క తిరిగే చోటైతే తీసి దగ్గర్లోని పొదలోనో తక్కువ ఎత్తు కొమ్మ మీదో పెట్టండి, 10 అడుగులకు మించి దూరం తీసుకుపోవద్దు. తర్వాత మీరు కనిపించనంత దూరం వెళ్లి గంట, రెండు గంటలు ఓపికగా చూడండి. మనం దగ్గర నిలబడి ఉన్నంతసేపూ తల్లి రాదు. అది రాకపోవడానికి కారణం మనమేనని తెలియక "తల్లి వదిలేసింది" అనుకుని ఎత్తుకొచ్చేవాళ్లు నాకు తెలిసి చాలామంది ఉన్నారు. మేత తెచ్చే పిట్టకు పిల్ల పోలికలు లేకపోయినా కంగారుపడకండి. కాకి మేపుతున్నది కోకిల పిల్లను కావచ్చు.

రెండోది గూటికి చేర్చడం. ఈకలు రాని పిల్లకు ఇదే సరైన చికిత్స. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదన్న మాట ఊరూరా వినిపిస్తుంది కానీ అది నిజం కాదు. పిట్టలు పిల్లల్ని వాసనతో కాక అరుపుతో, ఉన్న చోటుతో, తెరిచిన నోటితో గుర్తుపడతాయి. పిల్ల ఒళ్లు చల్లబడి ఉంటే ముందు రెండు చేతుల మధ్య వెచ్చబడేదాకా ఉంచుకుని, అప్పుడు గూట్లో పెట్టండి. చల్లని పిల్ల నోరు తెరవలేదు. నోరు తెరవని పిల్లకు తల్లి మేత పెట్టదు.

గూడు చెదిరిపోయినా, చెయ్యి అందనంత ఎత్తులో ఉన్నా కొత్త గూడు కట్టివ్వొచ్చు. చిన్న బుట్టో ప్లాస్టిక్ డబ్బానో తీసుకుని అడుగున నాలుగు చిల్లులు పెట్టండి, లేకపోతే వానకు నిండిపోతుంది. లోపల ఎండుగడ్డి పరవండి. పచ్చిగడ్డి చెమ్మ పట్టి పిల్లను చల్లబరుస్తుంది, అందుకని వద్దు. పాత గూటికి వీలైనంత దగ్గరగా, ఎండ నేరుగా పడని కొమ్మకు గట్టిగా కట్టండి. ఒకసారి నేనిలా కట్టిన డబ్బాకు తల్లి గోరింక గంటన్నర దాకా రాలేదు. నోట్లో పురుగు పట్టుకుని పాత గూడున్న చోటికి వెళ్లి వస్తూ, పక్క కొమ్మ మీద అరుస్తూ తిరిగింది. ఇక ఆశ వదులుకుందామనుకుంటుండగా లోపలి పిల్ల కిచకిచమంది. అంతే, డబ్బా అంచున వాలింది.

చీకటి పడే వేళ దొరికిన పిల్ల విషయంలో నా సలహా ఇది. పిచ్చుక, గోరింక, బుల్‌బుల్ లాంటివి రాత్రి మేత పెట్టవు. కాబట్టి ఆ రాత్రికి పిల్లను వెచ్చగా చీకట్లో ఉంచి, తెల్లవారుతూనే గూటికి చేర్చండి. ఒక్క రాత్రి మన దగ్గరుందని తల్లి పిల్లను కాదనదు.

మూడోది తెలిసినవాళ్ల చేతికి ఇవ్వడం, అంటే వన్యప్రాణుల సంరక్షణ కేంద్రానికి. తల్లీతండ్రీ చచ్చిపోయాయని ఖాయంగా తెలిసినప్పుడు, పిల్లకు గాయమైనప్పుడు ఇదే దారి. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను: పిల్లి నోట కరిచిన పిల్లను ఎంత చలాకీగా కనిపించినా గూట్లో పెట్టొద్దు, ఇంట్లో అట్టిపెట్టుకోవద్దు. పిల్లి లాలాజలంలో పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. పంటిగాటు ఈకల కింద సూదిమొనంత ఉంటుంది, మన కంటికి కనిపించదు. అది ఒంట్లోకి పాకితే రెండు మూడు రోజుల్లో పిట్ట చచ్చిపోతుంది. 24 గంటల్లోపు యాంటీబయాటిక్ పడితేనే ఆశ.

కేంద్రం, పశువైద్యుడు, ఇంట్లో పిట్టలు పెంచే స్నేహితుడు, ఈ ముగ్గురిలో ఎవరి దగ్గరికి వెళ్లాలని అడిగితే నా వరస కూడా అదే. పశువైద్యుడు గాయం కట్టగలడు, మందివ్వగలడు. రోజంతా కూర్చుని మేపడం ఆయన పని కాదు. పంజరం పిట్టలు పెంచేవాళ్లకు చిలుకల గురించి బాగా తెలుస్తుంది, పురుగులు తినే పిట్టకూ చిలుక మేతే పెట్టమంటారు. వాళ్లు మంచి మనసుతోనే చెబుతారు, పిల్లకు మాత్రం నష్టం. ఫోన్ చేసేటప్పుడు ఫొటో, దొరికిన చోటు, దొరికిన సమయం, అప్పటిదాకా ఏం పెట్టారో చెప్పగలిగితే అవతలివాళ్ల పని సగం తేలికవుతుంది. చాలా దేశాల్లో అడవి పిట్టను అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోవడం చట్టవిరుద్ధం కూడా, అందుకే ముందు కేంద్రానికి ఫోన్ చేయడం మనకూ మంచిది.

నాలుగోది మనమే మేపడం. కేంద్రం దూరమైనా, రేపటిదాకా తీసుకోలేమన్నా తప్పదు. అలాంటప్పుడే కింద రాసినవి పనికొస్తాయి.

మేతకన్నా ముందు వెచ్చదనం

చల్లబడిన పిల్లకు మేత పెడితే అది అరగదు, గొంతులోనే కుళ్లుతుంది. వెచ్చబడి, తేరుకుని, రెట్ట వేశాకే మేత.

అట్టపెట్టెకు గాలి చిల్లులు పెట్టి, లోపల ఒక చిన్న గిన్నెలో టిష్యూ పేపర్ని గుండ్రంగా చుట్టి గూడులా చేయండి. పిల్ల కాళ్లు ఒంటి కిందికి ముడుచుకునేలా గుంత ఉండాలి. చదునైన నేల మీద ఉంచితే కాళ్లు పక్కలకు జారి, అలాగే వంకరపోతాయి. తుండుగుడ్డ వాడొద్దు, దాని దారపు ఉచ్చుల్లో గోళ్లు చిక్కుకుంటాయి.

వేడికి మూడు మార్గాలున్నాయి. నాకు నచ్చింది హీటింగ్ ప్యాడ్. తక్కువ వేడిలో పెట్టి పెట్టెకు సగం కిందికే వచ్చేలా జరిపితే, వేడెక్కువైన పిల్ల అవతలికి జరగగలదు. జరగలేని పసిగుడ్డు అయితే మీరే గమనించుకోవాలి. హాట్ వాటర్ బ్యాగ్ గుడ్డలో చుట్టి పక్కన పెట్టినా పనవుతుంది, కరెంటు లేనిచోట అదే దిక్కు. కాకపోతే చల్లారుతుంది, చల్లారాక అదే పిల్ల ఒంట్లో వేడి లాగేస్తుంది, అందుకని గంటకోసారి చూసుకోవాలి. బల్బు వద్దనే అంటాను. ఒంట్లో నీరు ఆర్చేస్తుంది, రాత్రీ పగలూ వెలుతురు పెట్టి నిద్ర చెడగొడుతుంది. ఈకల్లేని పిల్లకు 35 డిగ్రీల సెల్సియస్ దాకా కావాలి, ఈకల మొలకలొచ్చాక 30 చాలు, ఈకలు నిండాక గదిలో ఉండే వెచ్చదనమే సరిపోతుంది. నోరు తెరిచి రొప్పుతూ మెడ చాపితే వేడెక్కువైందన్నమాట.

దాని నోరు ఏం చెబుతోంది

పెట్టె అంచు మీద వేలితో మెల్లగా తట్టండి, లేదా చిన్నగా ఈల వేయండి. తల్లి వాలినప్పుడు గూడు కదిలినట్టు అనిపించి, చాలా పిల్లలు మెడ నిలువునా చాచి నోరు బార్లా తెరుస్తాయి. లోపల ఎర్రగానో పసుపుగానో మెరుస్తుంది, చుట్టూ పసుపు అంచు. పిచ్చుక, గోరింక, కాకి, బుల్‌బుల్ ఈ తరహావి. వీటిని మేపడం అన్నిటికంటే తేలిక.

తట్టినా నోరు తెరవకుండా, ముక్కును మీ వేళ్ల సందుల్లోకి పొడుస్తూ దూర్చడానికి చూస్తోందా? పసుపు వెంట్రుకల్లాంటి నూగుతో, ఒంటికి మించిన మెత్తటి ముక్కుతో ఉందా? అది పావురం పిల్లో గువ్వ పిల్లో అయ్యుంటుంది. వీటి తల్లిదండ్రులిద్దరి గొంతులోనూ పెరుగు విరుగులాంటి పాలు ఊరుతాయి. పిల్ల తన ముక్కును పెద్దదాని నోట్లోకి పెట్టి తాగుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు దాని ఆహారమంతా అదే. అంత పసిదాన్ని ఇంట్లో బతికించడం చాలా కష్టం, దాన్ని ఎలాగైనా కేంద్రానికి చేర్చండి.

ఒళ్లంతా మెత్తటి నూగుతో కళ్లు విప్పార్చి, దొరికిన గంటకే పెట్టెలో పరుగులు పెడుతోందంటే అది బాతు, కోడి, నెమలి, తీతువు లాంటి జాతి. ఇవి పుట్టిన రోజు నుంచే సొంతంగా ఏరుకు తింటాయి. చేతితో మేపే పనే లేదు. వెచ్చదనం, లోతు లేని పళ్లెంలో నీళ్లు, వీలైతే తల్లి గుంపును వెతికి కలపడం. అంతే.

వంకీ తిరిగిన ముక్కుతో గద్దో గుడ్లగూబో అయితే ఇంట్లో మేపే ఆలోచన మానుకోండి. వాటికి ఎముక, చర్మం, బొచ్చుతో సహా మొత్తం వేట కావాలి. ఉత్త మాంసం ముక్కలు పెడితే కాల్షియం చాలక ఎముకలు వంగిపోతాయి.

ఏ మేత దేనికి

ముందుగా, వద్దనేవి. పాలు వద్దు. పాలలోని చక్కెరను అరిగించే శక్తి పిట్టకు లేదు, విరేచనాలతో నీరసించి పోతుంది. రొట్టె వద్దు. కడుపు నిండుతుంది, కండ పట్టదు. ఉడికించిన గింజధాన్యమూ అంతే. "మా పిచ్చుక అదే తిని బతికింది" అనేవాళ్లుంటారు. నేను మొదట్లో ఒక గోరింక పిల్లను మెత్తటి ధాన్యంతో పది రోజులు పెంచాను. బతికింది. ఈకలు వచ్చాక చూస్తే ప్రతి రెక్క ఈకకూ అడ్డంగా సన్నటి తెల్లని గీత, ఆ గీత దగ్గర గోటితో తాకితే విరిగేంత బలహీనం. మేత సరిపోని రోజులన్నీ ఈక మీద అలా గీతలుగా రాసి ఉంటాయి. ఆ ఈకలు రాలి కొత్తవి వచ్చేదాకా దాన్ని వదలడానికి వీల్లేకపోయింది. నెలల తరబడి అది కిటికీ దగ్గర కూర్చుని బయటి గోరింకల అరుపులు వింటుంటే నాకు ఎంత బాధేసిందో చెప్పలేను.

గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు పురుగులే పెడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం పొరపాట్లు జరగవు. ఈ వయసులో కావలసింది మాంసకృత్తులు.

నోరు తెరిచే పిల్లలకు పురుగులదే మొదటి స్థానం. మీల్‌వార్మ్‌లు అనే పిండిపురుగులు, కీచురాళ్లు, మెత్తటి గొంగళిపురుగులు, చిన్న మిడతలు. బొచ్చు గొంగళిపురుగులు, మందు కొట్టిన తోటలో దొరికినవి పనికిరావు. వానపాములు తేలిగ్గా దొరుకుతాయి కానీ వాటివల్ల పిట్ట ఊపిరిగొట్టంలో చేరే పరాన్నజీవులు రావొచ్చు, నేను పెట్టను. పురుగుల్లో ఉన్న లోటల్లా కాల్షియం. రోజుకోసారి కాల్షియం కార్బొనేట్ పొడి చిటికెడు అద్ది పెట్టండి. మీల్‌వార్మ్ తల నలిపి పెట్టడం మంచిది, అప్పుడే కుబుసం విడిచి తెల్లగా ఉన్నవి దొరికితే మరీ మంచిది.

పురుగులు చాలినన్ని దొరకవు, ఆదివారం అర్ధరాత్రి అసలే దొరకవు. అలాంటప్పుడు క్యాట్ ఫుడ్ గింజలు నమ్మదగ్గ ప్రత్యామ్నాయం. గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెడితే స్పాంజిలా మెత్తబడతాయి. ఎక్కువ నీరు పిండేసి కంది గింజంత ముక్కలు చేయండి. కుక్కల మేత కన్నా పిల్లుల మేత ఎందుకంటే అందులో మాంసకృత్తులు ఎక్కువ, అందులోనూ పిల్లికూనల కోసం చేసినది ఇంకా మేలు. నానిన ముక్కలోని తడితోనే పిల్ల దాహం తీరుతుంది, వేరే నీళ్లు పోయక్కర్లేదు. ఉడికించిన గుడ్డు మెదిపి దీంతో కలపొచ్చు. గుడ్డు ఒక్కటే పెట్టడం ఒక పూటకు సరే, రోజుల తరబడి కాదు. ఇదంతా కూడా కొద్దిరోజులు ఆదుకునే ఏర్పాటే. రోజుకు కొన్ని పురుగులైనా పడేలా చూడండి.

స్విఫ్ట్ అనే పిట్టకు మాత్రం క్యాట్ ఫుడ్ అసలు వద్దు. కొడవలి రెక్కలతో, ఇంచుమించు బతుకంతా గాలిలోనే గడిపే ఈ పిట్ట పిల్లకు పురుగులే పెట్టాలి. వేరే మేతతో ఈకలు పాడవుతాయి, దానికి ఈకలు పాడవడమంటే చావే.

చిలుకలకు చేసే పొడి మేత, నీళ్లలో కలిపి పట్టేది, చిలుక పిల్లలకూ వారం దాటిన పావురం పిల్లలకూ బాగా సరిపోతుంది. పురుగులు తినే పిట్టకు అందులో మాంసకృత్తులు చాలవు. పొడిని కలిపేటప్పుడు 38 నుంచి 40 డిగ్రీల మధ్య వేడి ఉండాలి. చల్లారితే గొంతులో పులుస్తుంది, 43 దాటితే గొంతు లోపలి పొర కాలుతుంది. మైక్రోవేవ్‌లో వేడి చేయొద్దు. పైన గోరువెచ్చగా తగిలినా మధ్యలో కాలే చోట్లు మిగిలిపోతాయి. కాస్త పెద్ద పావురం పిల్లకైతే నాకు పచ్చిబఠానీ అన్నిటికన్నా నచ్చింది. గడ్డకట్టినవి గోరువెచ్చని నీళ్లలో మెత్తబరిచి, ముక్కు మెల్లగా విప్పి ఒక్కొక్కటే నాలుక వెనక్కి పెడితే మింగేస్తుంది. ఊపిరిగొట్టంలోకి పోయే ద్రవమేమీ ఉండదు కాబట్టి కొత్తవాళ్లకు ఇదే భద్రం.

దేంతో పెట్టాలి

పిట్ట నాలుక మొదట్లో సన్నటి చీలిక ఒకటి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. నోరు తెరిచినప్పుడు వెలుతురులో చూడండి, కనిపిస్తుంది. అదే ఊపిరిగొట్టం నోరు. మేత ఏదైనా దాన్ని దాటి గొంతు వెనక్కి, పిట్టకు కుడివైపుగా పడాలి. నేను పావురానికి పోసిన నీళ్లు నేరుగా ఆ చీలికలోకే పోయాయి.

నోరు తెరిచే పిల్లకు మొన మొద్దుగా ఉన్న ట్వీజర్ చాలు, దొరక్కపోతే సన్నటి కుంచె వెనక వైపైనా సరే. ముక్కను గొంతు వెనక పెట్టగానే అది మింగుతుంది, మనం ముక్కు ముట్టుకోవలసిన పనే ఉండదు. సిరంజితో పలచటి మేత పోయడం ఈ పిల్లలకు అనవసరమైన ప్రమాదం. చిలుక పిల్లకు సిరంజి కన్నా అంచులు లోపలికి వంచిన చెంచా మేలు, అది తన వేగంతో తాను తాగుతుంది. పావురం పిల్లకైతే వెడల్పు సిరంజి చివర కోసేసి, పైన సాగే పట్టీ బిగించి మధ్యలో చిన్న చీలిక పెడతారు. పిల్ల ముక్కును ఆ చీలికలో దూర్చి తల్లి నోట్లో తాగినట్టే తాగుతుంది. గొంతులోకి గొట్టం దింపి పోయడం శిక్షణ ఉన్నవాళ్ల పని, వీడియో చూసి నేర్చుకునేది కాదు.

ఎంతకోసారి అంటే, ఈకల్లేని పసిపిల్లకు తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా 20 నిమిషాలకోసారి, ఈకల మొలకలొచ్చాక అరగంట, ముప్పావుగంటకోసారి, ఈకలు నిండాక గంట, గంటన్నరకోసారి. రాత్రి వద్దు. రోజుకు 12 గంటలు, రెండు వారాలు, ఈ పని చేయగలరా అని నిజాయితీగా ఆలోచించుకోండి. ఉద్యోగానికి వెళ్లే మనిషి ఒక్కడే ఉన్న ఇంట్లో ఇది కుదరదు. కుదరకపోతే అది మీ తప్పు కాదు, కేంద్రానికి ఇచ్చేయండి. పావురానికి ఇంత హడావిడి లేదు. ఎద పైభాగాన మేత నిలవుండే సంచి ఉంటుంది, దాన్ని క్రాప్ అంటారు. అది దాదాపు ఖాళీ అయ్యాకే మళ్లీ పెట్టాలి, వయసుని బట్టి రోజుకు మూడు నుంచి ఐదుసార్లు. ఒక పూటకు ఒంటి బరువులో పదో వంతుకు మించొద్దు, అంటే 100 గ్రాముల పిల్లకు 10 మిల్లీలీటర్లు. నోరు తెరిచే పిల్లకు ఈ లెక్క అవసరం లేదు, నిండితే నోరు తెరవడం మానేస్తుంది.

అంతా సరిగ్గా సాగుతోందనడానికి నేను చూసే గుర్తు రెట్ట. మేత మింగిన మరుక్షణం పిల్ల వెనక్కి తిరిగి తోక పైకెత్తుతుంది. తెల్లటి పలచని పొరలో చుట్టిన చిన్న మూట బయటికొస్తుంది. గూట్లో అయితే తల్లి దాన్ని ముక్కుతో పట్టి దూరంగా పడేస్తుంది, మనం టిష్యూతో తీసేస్తే చాలు. ఆ మూట గట్టిగా, పొర చెడకుండా ఉంటే మేత పడుతోందని. నీళ్లలా కారిపోతుంటే ఏదో తేడా ఉంది. గ్రాములు చూపే చిన్న తూకం ఉంటే రోజూ పొద్దున్నే మొదటి మేతకు ముందు తూచండి. ముక్కు చుట్టూ అంటిన మేతను తడిగుడ్డతో వెంటనే తుడవండి, ఎండితే ఈకలు ఊడివస్తాయి. మీ చేతులు ముందూ వెనకా సబ్బుతో కడుక్కోండి, పిట్టల నుంచి మనుషులకు సోకే జబ్బులు ఉన్నాయి.

ఒంటరిగానా, తోడుతోనా

ఒంటరిగా మనిషి దగ్గర పెరిగిన పిల్ల తాను పిట్టనన్న సంగతే మర్చిపోవచ్చు. బాతు పిల్లలు పుట్టగానే చూసిన కదిలే ప్రాణినే తల్లిగా తీసుకుంటాయని 1930ల్లో జంతువుల ప్రవర్తనను పరిశీలించిన శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ వివరంగా రాశారు. 1973లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1980ల్లో శాన్ డియాగో జూలో కాలిఫోర్నియా కాండోర్ రాబందు పిల్లల్ని పెంచినవాళ్లు పెద్ద రాబందు తల ఆకారంలో తోలుబొమ్మ చేసి, చేతికి తొడుక్కుని మేపారు, పిల్లకు మనిషి కనిపించకూడదని. కాకి, గుడ్లగూబ, చిలుక ఈ విషయంలో చాలా త్వరగా పాడవుతాయి.

కాబట్టి ఒకే జాతివి రెండు పిల్లలుంటే విడదీయకండి. ఒకటే ఉంటే అదే జాతి పిల్లలున్న కేంద్రానికి ఇవ్వడం ఇంట్లో ఉంచుకోవడం కన్నా మేలు, మేత విషయంలో మీరు ఎంత నేర్పరులైనా సరే. ఉంచుకోవలసే వస్తే పేరు పెట్టకండి, ముద్దుచేయకండి, మేపేటప్పుడు మాట్లాడకండి, భుజం మీద ఎక్కించుకోకండి. ఇది నాకు ఎప్పటికీ కష్టంగానే ఉంటుంది. అరచేతిలో నిద్రపోయే ప్రాణిని పెట్టెలో పెట్టి మూత వేయడానికి మనసు రాదు.

వదిలే రోజు

తీసుకెళ్లి ఒక తోటలో ఎగరేసి వచ్చేయడం ఒక పద్ధతి. పెద్దపిట్ట గాయం మానాక అది సరిపోతుంది. చేతిమేత తిన్న పిల్లకు నేను దాన్ని ఒప్పుకోను. దానికి ఆ చోటు తెలియదు, ఆకలేస్తే ఎక్కడ వెతకాలో తెలియదు. మెల్లగా వదలడమే సరైనది. బయట, నీడ పట్టున పెద్ద పంజరం పెట్టి రెండు వారాలు అందులో ఎగరనివ్వండి. మేత చేతితో కాకుండా నేల మీద, ఆకుల కింద చల్లండి, వెతుక్కోవడం రావాలి. వరసగా నాలుగైదు రోజులు ఏ సాయమూ లేకుండా తిని బరువు తగ్గకపోతే, ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఆగకుండా ఎగిరితే, మీరు దగ్గరికెళ్తే భయపడి దూరం జరిగితే, అప్పుడు ఒక పొద్దున, వాన సూచన లేని రోజు, తలుపు తీసి వెళ్లిపోండి. సాయంత్రం వదిలితే చీకటిపడేలోపు చోటు వెతుక్కోలేదు.

ఈకలు విరిగిన ఆ గోరింక, కొత్త ఈకలొచ్చాక, తలుపు తీసిన రోజు గంటసేపు గుమ్మంలోనే కూర్చుంది. తర్వాత పక్క చెట్టెక్కింది. మేత గిన్నె పంజరం పైన పెట్టి ఉంచాను. మొదటి మూడు రోజులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చింది. నాలుగో రోజు ఒక్కసారే. తొమ్మిదో రోజు ఇంకో మూడు గోరింకలతో కలిసి వచ్చి, గిన్నె ముట్టకుండా గడ్డిలో పురుగులు ఏరుకుని వెళ్లిపోయింది. గిన్నెను ఇంకో వారం దాకా తీయలేదు.